432,00,00,000: బ్రహ్మగారి పగలు నా ప్రోగ్రామ్‌లో పట్టలేదు

ఈ వారం వీడియో చూసిన వాళ్లకి తెలుసు, అందులో ఒక క్షమాపణ ఉంది. పది నిమిషాల వీడియోలో లెక్కంతా చెప్పడం కుదరలేదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉన్నా చాలు.

నిరుడు వినాయక చవితికి ఇంటికి వెళ్లాను. పూజ మొదట్లో సంకల్పం చెప్పుకుంటాం కదా. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం... నేను గబగబా అప్పజెప్పేశాను. పూజయ్యాక ఉండ్రాళ్లు తింటుంటే మా తాతయ్య అడిగారు: "ఒరేయ్, చిన్నప్పట్నుంచీ ఈ అడ్రస్ చెప్తున్నావు. అది ఎన్నో సంవత్సరమో ఎప్పుడైనా లెక్క వేశావా?"

వేయలేదు. ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, పనే లెక్కలతో. అయినా ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు. సరే, ఆ రాత్రే ల్యాప్‌టాప్ తీశాను. మహాయుగం 43,20,000 ఏళ్లు, దాన్ని వెయ్యితో గుణిస్తే కల్పం. జవాబు 2,50,32,704 అని వచ్చింది!

తప్పు నాదే. 32 బిట్ల పూర్ణసంఖ్యలో పట్టే విలువలు మొత్తం 429,49,67,296. కల్పం 432,00,00,000. గిన్నె నిండి పొర్లిపోయింది, మిగిలిన 2,50,32,704 మాత్రమే కనిపించింది. బ్రహ్మగారి పగలు నా గిన్నెలో పట్టలేదన్నమాట. 64 బిట్లకి మార్చాక లెక్క సరిగ్గా నడిచింది. కల్పం మొదలై 197,29,49,126 ఏళ్లు అయిందని వచ్చింది.

మర్నాడు పొద్దున తాతయ్య పంచాంగం తెరిచి చూశాను. విశ్వావసు నామ సంవత్సరం పంచాంగం. అందులో సృష్ట్యాది గతాబ్దాలు 195,58,85,126 అని అచ్చువేశారు.

ఒక కోటీ డెబ్భై లక్షల పైచిలుకు తేడా. నా ప్రోగ్రామ్ మూడుసార్లు చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. ఇంకేముంది, "పంచాంగంలో అచ్చుతప్పు దొరికింది" అని వీడియో చేసి పెట్టేశాను. ఆ వీడియో ఇప్పుడు ఛానెల్‌లో లేదు. ఎందుకు తీసేశానో చివర్లో చెప్తాను. ముందు ఈ సంఖ్య సంగతి చూద్దాం.

అడ్రస్‌ని అంకెల్లోకి మారుద్దాం

నాలుగు యుగాల లెక్క మీకు తెలిసే ఉంటుంది:

కృతయుగం: 17,28,000 ఏళ్లు
త్రేతాయుగం: 12,96,000 ఏళ్లు
ద్వాపరయుగం: 8,64,000 ఏళ్లు
కలియుగం: 4,32,000 ఏళ్లు
మొత్తం, అంటే ఒక మహాయుగం: 43,20,000 ఏళ్లు

యుగాల నిష్పత్తి 4 : 3 : 2 : 1. ధర్మం నాలుగు పాదాల మీద మొదలై ఒంటికాలి మీదికి వస్తుందని పెద్దలు చెప్పేది ఇక్కడ అంకెల్లో కనిపిస్తుంది. 4, 3, 2, 1 కూడితే 10. అందుకే కలియుగాన్ని పదితో గుణిస్తే మహాయుగం వస్తుంది.

మనువుల దగ్గరికి వద్దాం. ఒక్కో మనువు కాలం 71 మహాయుగాలు. కల్పానికి 14 మంది మనువులు. 14 × 71 = 994. కానీ కల్పం అంటే వెయ్యి మహాయుగాలు అంటారు. మిగతా ఆరు ఏమయ్యాయి?

ఇక్కడే లెక్క అందం ఉంది. సూర్యసిద్ధాంతం ప్రకారం కల్పం మొదట్లో ఒక సంధి, ఆ తర్వాత ఒక్కో మన్వంతరం చివర ఒక సంధి ఉంటాయి. మొత్తం 15. ఒక్కో సంధి ఒక కృతయుగమంత, అంటే మహాయుగంలో 0.4 వంతు. 15 × 0.4 = 6. 994 + 6 = 1000. ఒక్క సంవత్సరం కూడా ఎక్కువ తక్కువ లేకుండా సరిపోయింది.

ఇప్పుడు మన అడ్రస్. ఆరుగురు మనువులు వెళ్లిపోయారు: 6 × 71 = 426 మహాయుగాలు. ఏడు సంధులు గడిచాయి: 7 × 0.4 = 2.8. ఏడోవాడైన వైవస్వతుడి కాలంలో 27 మహాయుగాలు అయిపోయాయి. ఇరవై ఎనిమిదో దాంట్లో కృత, త్రేత, ద్వాపరాలు గడిచాయి: 0.9. అన్నీ కూడితే 456.7 మహాయుగాలు. దాన్ని 43,20,000తో గుణిస్తే 197,29,44,000. దానికి కలియుగంలో గడిచిన ఏళ్లు కలపాలి. అది తేలిక: ఉగాది నాటి ఇంగ్లిషు సంవత్సరానికి 3101 కలపండి. 2025 ఉగాదికి 5126, 2026 ఉగాదికి 5127.

కలియుగంలో ఒక పాదం 1,08,000 ఏళ్లు. అందులో 5127 అంటే ఐదు శాతం కూడా కాలేదు. "కలికాలం ముదిరిపోయింది" అని మనం అంటుంటాం కానీ, లెక్క ప్రకారం ఇంకా లేత కలే!

సంఖ్యను విప్పి చూస్తే

స్కూల్లో ప్రధాన కారణాంకాలు చేశాం కదా, అదే ఇక్కడ చేద్దాం.

432 = 2⁴ × 3³
4,32,000 = 2⁷ × 3³ × 5³
43,20,000 = 2⁸ × 3³ × 5⁴
432,00,00,000 = 2¹¹ × 3³ × 5⁷

అంటే ఇంత పెద్ద సంఖ్య మొత్తం 2, 3, 5 అనే మూడు చిన్న ప్రధాన సంఖ్యలతోనే కట్టారు. దీనికి భాజకాలు ఎన్నో కనుక్కోవాలంటే ఘాతాలకి ఒకటి చొప్పున కలిపి గుణించాలి: 12 × 4 × 8 = 384. శేషం లేకుండా దీన్ని భాగించే సంఖ్యలు 384 ఉన్నాయన్నమాట.

ఇది ఎక్కువా తక్కువా తెలియాలంటే దగ్గర్లోని ఇంకో గుండ్రటి సంఖ్యతో పోల్చాలి. 400 కోట్లు తీసుకోండి. అది 2¹¹ × 5⁹. భాజకాలు 12 × 10 = 120 మాత్రమే. పైగా 3తో భాగించబడదు. 3తో భాగించబడకపోతే 12తో, 27తో, 30తో, 360తో దేనితోనూ భాగించలేం.

ఆ సంఖ్యలు ఎక్కడివో గుర్తుపట్టారా? 12 రాశులు, 27 నక్షత్రాలు, 30 తిథులు, రోజుకి 60 ఘడియలు, 108 నక్షత్ర పాదాలు, వృత్తానికి 360 భాగలు. పంచాంగంలో రోజూ పనికొచ్చే సంఖ్యలు ఇవే. వీటన్నిటికీ క.సా.గు. కట్టి చూడండి: 1,080 వస్తుంది. దాన్ని 400తో గుణిస్తే కచ్చితంగా 4,32,000. కలియుగం ఈ ఆరింటిలో దేనితోనైనా శేషం లేకుండా విడిపోతుంది.

ఇంకోటి. రోజుకి 60 ఘడియలు, ఘడియకి 60 విఘడియలు, విఘడియకి 6 ప్రాణాలు: మొత్తం 21,600. మనిషి రోజుకి ఇన్నిసార్లు శ్వాసిస్తాడని పెద్దలు చెప్పే సంఖ్య ఇదే. వృత్తంలో 360 భాగలు, భాగకి 60 కళలు: ఇదీ 21,600. అందుకే ఒక ప్రాణం అంటే దాదాపు 4 సెకన్లు, ఆ కాసేపట్లో ఆకాశం ఒక కళ మేర తిరుగుతుంది. కాలానికీ కోణానికీ ఒకే స్కేలు పెట్టారన్నమాట. ఈ 21,600ని 20తో గుణిస్తే మళ్లీ 4,32,000.

ఈ సంఖ్య వేరే చోట్ల కూడా కనిపిస్తుంది. శతపథ బ్రాహ్మణం ఋక్కుల పరిమాణాన్ని 12,000 బృహతులుగా చెప్తుంది. బృహతీ ఛందస్సుకి 36 అక్షరాలు. గుణిస్తే 4,32,000. బాబిలోనియా పూజారి బెరోసస్ ప్రళయానికి ముందు రాజులు ఏలిన కాలం 4,32,000 ఏళ్లని రాశాడు. 60తో లెక్కపెట్టే అలవాటున్న చోట ఈ సంఖ్య నచ్చడంలో ఆశ్చర్యం లేదు: 120 × 60 × 60.

మరి అంకెలు కూడితే ఎప్పుడూ 9 వస్తుంది కదా? 4+3+2 = 9, 1+7+2+8 = 18, మళ్లీ 9. ఇందులో రహస్యం ఏమీ లేదు. 9తో భాగించబడే ఏ సంఖ్యకైనా అంకెల మొత్తం చివరికి 9కే వస్తుంది. ఈ సంఖ్యల్లో 3³ ఉంది కాబట్టి 9 ఉంది, అంతే. మీ కరెంటు బిల్లు 9తో భాగించబడితే దానికీ అంతే వస్తుంది!

ఇంత పెద్ద సంఖ్య ఎందుకు కావాలి?

నాకు అసలు అర్థం కానిది ఇదే. విడిపోవడమే కావాలంటే 1,080 చాలు కదా? 43,20,000 దాకా ఎందుకు వెళ్లారు?

జవాబు గ్రహాల దగ్గర ఉంది. సూర్యసిద్ధాంతం ఒక మహాయుగంలో ఏ గ్రహం ఎన్ని చుట్లు తిరుగుతుందో పూర్ణసంఖ్యల్లో ఇస్తుంది:

సూర్యుడు: 43,20,000
చంద్రుడు: 5,77,53,336
కుజుడు: 22,96,832
గురువు: 3,64,220
శని: 1,46,568
మహాయుగంలో మొత్తం రోజులు: 157,79,17,828

బుధ శుక్రులకి కూడా ఇలాగే సంఖ్యలున్నాయి. ఇందులో ఒక్క దశాంశం కూడా లేదు, చూడండి. గురువు ఒక చుట్టు తిరగడానికి 11 ఏళ్ల 10 నెలల పైన పడుతుంది. అది సరి సంఖ్య కాదు. కానీ 43,20,000 ఏళ్లలో 3,64,220 చుట్లు అంటే లవమూ పూర్ణసంఖ్యే, హారమూ పూర్ణసంఖ్యే. భాగిస్తే 11.861 ఏళ్లు. నేటి లెక్క 11.862. గురువుకి పన్నెండేళ్లు నిండా పట్టవు కాబట్టే హరిద్వార్‌లో 2010 కుంభమేళా తర్వాతది 2022లో కాకుండా 2021లోనే వచ్చింది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది వెంటనే తగులుతుంది. డబ్బు లెక్కలు దశాంశాల్లో పెట్టకు, పైసల్లో పెట్టు అని మాకు మొదటి నెలలోనే చెప్తారు. దశాంశాల్లో పెడితే ప్రతి గుణకారానికీ ఇంత తప్పు పోగవుతుంది. పంచాంగ కర్తలు చేసింది కూడా అదే. మహాయుగం అన్ని గ్రహాలకీ ఉమ్మడి హారం. హారం ఎంత పెద్దదైతే గ్రహం వేగాన్ని అంత సన్నగా చెప్పొచ్చు. గురువు చుట్లలో ఒక్కటి పెంచినా తగ్గించినా వేగం మూడున్నర లక్షల్లో ఒక వంతే మారుతుంది. పెద్ద సంఖ్య గొప్ప కోసం కాదు, సన్నటి కొలత కోసం.

ఎంత సన్నగా వచ్చిందో చంద్రుడితో చూద్దాం. చంద్రుడి చుట్లలోంచి సూర్యుడి చుట్లు తీసేస్తే చాంద్రమాసాలు: 5,34,33,336. మొత్తం రోజుల్ని దీనితో భాగించండి. 29.530588 రోజులు. అమావాస్య నుంచి అమావాస్యకి నేటి సగటు కొలత 29.530589. తేడా సెకనులో పదో వంతు కూడా లేదు!

అన్నీ ఇంత దగ్గరగా లేవు, అది కూడా చెప్పాలి. సంవత్సరం పొడవు 365.258756 రోజులు వస్తుంది. నక్షత్రాల ప్రకారం నేటి కొలత 365.256363. మూడున్నర నిమిషాలు ఎక్కువ.

ఇంకో చిన్న పని. పైన ఇచ్చిన ఆరు సంఖ్యల్నీ 4తో భాగించి చూడండి. రోజులతో సహా అన్నీ శేషం లేకుండా భాగించబడతాయి. బుధ శుక్రుల సంఖ్యలూ అంతే. అంటే ఏడు గ్రహాల సగటు స్థానాలూ ప్రతి 10,80,000 ఏళ్లకి ఒకసారి మళ్లీ మొదటి గీత దగ్గర కలుస్తాయి. ఆ 10,80,000 ఏమిటో తెలుసా? ఇందాకటి క.సా.గు. 1,080కి వెయ్యి రెట్లు.

మీరే చేసి చూడండి: అధికమాసం

ఇది మాత్రం వదిలిపెట్టకండి. మహాయుగంలో సౌరమాసాలు 43,20,000 × 12 = 5,18,40,000. చాంద్రమాసాలు 5,34,33,336. తేడా 15,93,336. ఇవే మహాయుగంలో వచ్చే అధికమాసాలు.

ఇప్పుడు త్రైరాశికం. 43,20,000 ఏళ్లలో 15,93,336 వస్తే 5127 ఏళ్లలో ఎన్ని? గుణించి భాగిస్తే 1890.98. అంటే 2026 మేష సంక్రాంతికి 1891వ అధికమాసం గుమ్మంలో ఉందన్నమాట. ఆ 0.02 నిండడానికి ఇంకో 20 రోజులు. పంచాంగంలో చూడండి: పరాభవ నామ సంవత్సరంలో అధిక జ్యేష్ఠం మే 17న మొదలు.

2023కి చేద్దాం. 5124 ఏళ్లకి 1889.87. మిగిలిన 0.13 నిండడానికి నాలుగు నెలల పైన, అంటే ఆగస్టు మధ్యకి. ఆ ఏడాది అధిక శ్రావణం జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా.

ఇది సగటు లెక్క కాబట్టి ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అవుతుంది. ఏ నెల అధికమో కచ్చితంగా తేల్చడానికి సంక్రాంతి లేని చాంద్రమాసం ఏదో చూడాలి. అయినా అయిదు వేల ఏళ్ల వెనక నుంచి మొదలుపెట్టి, మూడు పూర్ణసంఖ్యలతో, ఒక గుణకారం ఒక భాగహారం చేసి మే నెల దగ్గరికి వచ్చి నిలబడ్డాం. ఇది మొదటిసారి చేసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

7 ఒప్పుకోలేదు

ఈ సంఖ్యకి ఒక లోటుంది. 2, 3, 5 ఉన్నాయి కానీ 7 లేదు. వారానికి ఏడు రోజులు మరి!

ఆర్యభటుడు కాలాన్ని ఇంకోలా విడగొట్టాడు. మనువుకి 71 కాదు, 72 మహాయుగాలు. సంధులు లేవు. 14 × 72 = 1008 మహాయుగాలు ఒక కల్పం. 1008లో 7 ఉంది (7 × 144). అందువల్ల ఆయన లెక్కలో ప్రతి కల్పమూ ఒకే వారంతో మొదలవుతుంది. యుగాలు కూడా 4 : 3 : 2 : 1 కాకుండా నాలుగూ సమానం, ఒక్కోటి 10,80,000 ఏళ్లు. మహాయుగం రోజులు 157,79,17,500. సూర్యసిద్ధాంతం కన్నా 328 తక్కువ.

తర్వాతి కాలంలో బ్రహ్మగుప్తుడు, స్మృతుల్లో చెప్పిన యుగ విభాగాన్ని వదిలేశాడని ఆర్యభటుణ్ని గట్టిగా విమర్శించాడు. ఆయన కూడా తన సంఖ్యలు తాను ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చిన సిద్ధాంతులు గ్రహం కనిపించే చోటికీ లెక్కలో వచ్చే చోటికీ తేడా వస్తే సంఖ్యల్ని సవరించుకున్నారు. దాన్ని బీజ సంస్కారం అంటారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఇంతమంది వాదించుకున్నా మహాయుగం 43,20,000 అనే మాట ఎవరూ కదపలేదు. మారింది చుట్ల సంఖ్య, రోజుల సంఖ్య. హారం అలాగే ఉంది, లవాన్ని ఆకాశం చూసి దిద్దుకున్నారు. సంప్రదాయం నిలబడింది, పరిశీలన ఆగలేదు. నాకైతే మన జ్యోతిష శాస్త్రం మొత్తంలో ఇంతకన్నా గర్వించాల్సిన విషయం కనిపించలేదు.

మరి ఆ ఫార్వర్డ్ మెసేజ్?

మీ ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా వచ్చే ఉంటుంది. "భూమి వయసు 454 కోట్ల ఏళ్లని సైన్స్ ఇప్పుడు చెప్తోంది, మన ఋషులు 432 కోట్లని ఎప్పుడో చెప్పారు" అని. నేను కూడా కాలేజీలో ఉన్నప్పుడు పదిమందికి పంపాను.

ఇప్పుడు లెక్క మీ చేతిలో ఉంది కాబట్టి మీరే చూడండి. 432 కోట్లు అనేది కల్పం మొత్తం పొడవు. గడిచిన కాలం కాదు. సంకల్పం ప్రకారం గడిచింది 197 కోట్లు. ఒకరి వయసుని ఇంకొకరి పూర్తి ఆయుర్దాయంతో పోల్చి సరిపోయిందన్నట్టు ఉంది ఇది. సైన్స్ సంగతి తర్వాత, ముందు మన గ్రంథాన్నే మనం తప్పు చదివినట్టు.

ఇంకో తమాషా చెప్తాను. 15 సంధులు తీసేసి 14 మన్వంతరాలు మాత్రం తీసుకుంటే 429,40,80,000 ఏళ్లు. మొదట్లో చెప్పిన 32 బిట్ల హద్దు గుర్తుందా? 429,49,67,296. తేడా పది వేలలో రెండు వంతులే! భూమి వయసు పోలికలో తేడా అయిదు శాతం దాకా ఉంది. ఆ పోలిక రుజువైతే, దానికన్నా ఎన్నో రెట్లు గట్టిగా "ఋషులకి 32 బిట్ ప్రాసెసర్ తెలుసు" అని రుజువైనట్టే. ఆ మెసేజ్ నేను తయారు చేసి వదిలితే వారం తిరక్కుండా మా అత్తయ్య దగ్గర్నుంచి నాకే తిరిగి వస్తుంది.

నవ్వొస్తుంది కదా. కానీ దీనివల్ల నష్టం ఏమిటంటే, అబద్ధమైన గొప్ప ఒకటి పట్టుకుంటే నిజమైన గొప్ప కనిపించదు. ఆఫీసులో ఎవరో ఒకరు ఆ 432, 454 పోలికని ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తారు. అప్పుడు దానితోపాటు మనకి 29.530588 మీద కూడా నమ్మకం పోతుంది. అది మాత్రం నిజంగా చెమటోడ్చి సంపాదించిన సంఖ్య.

నా తప్పు

ఇక అసలు సంగతి. "అచ్చుతప్పు" వీడియో పెట్టిన మూడో రోజు తాతయ్య ఫోన్ చేశారు. ఆయనకి చూపు తగ్గింది, వీడియోని విన్నారు. కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడలేదు.

"తేడా ఎంత వచ్చిందిరా?"

"1,70,64,000 తాతయ్యా."

"దాన్ని 360తో భాగించు."

భాగించాను. 47,400. శేషం సున్నా.

"అచ్చుతప్పుకి శేషం సున్నా రాదురా" అన్నారు. అంతే, ఫోన్ పెట్టేశారు.

మనుషుల 360 ఏళ్లు దేవతలకి ఒక సంవత్సరం. 12,000 దివ్య సంవత్సరాలు ఒక మహాయుగం అయ్యేది కూడా ఈ 360 వల్లనే. సూర్యసిద్ధాంతం మొదటి అధ్యాయం తెరిస్తే అక్కడే ఉంది: కల్పం మొదలయ్యాక గ్రహ నక్షత్రాలతో సహా చరాచర సృష్టి చేయడానికి బ్రహ్మకి 47,400 దివ్య సంవత్సరాలు పట్టింది. గ్రహాలు తిరగడం మొదలైంది ఆ తర్వాతే కాబట్టి గ్రహగణితానికి అక్కణ్నుంచే లెక్కపెట్టాలి. నా 197,29,49,126 కల్పాది నుంచి. పంచాంగంలోని 195,58,85,126 సృష్ట్యాది నుంచి. రెండూ సరైనవే. పంచాంగంలో ఆ మాట కూడా స్పష్టంగా అచ్చువేసి ఉంది: సృష్ట్యాది. నేను అంకె చదివాను, పక్కనున్న మాట చదవలేదు.

ప్రోగ్రామ్ సరిగ్గా ఉంది కాబట్టి పుస్తకం తప్పు అనుకున్నాను. తేడా వచ్చినప్పుడు ఆ తేడానే విప్పి చూడాలన్న ఆలోచన, రోజూ కోడ్‌లో తప్పులు వెతికే నాకు రాలేదు. ఎనభై దాటిన ఆయనకి వచ్చింది. కళ్లుమూసుకుని నమ్మినా, కళ్లుమూసుకుని కొట్టిపారేసినా జరిగేది ఒకటే: లెక్క చేయం.

అందుకని ఈ వారం ఇంటిపని. ఇంట్లో పంచాంగం తీయండి. మొదటి పేజీల్లో సృష్ట్యాది గతాబ్దాలు, గత కలి సంవత్సరాలు ఉంటాయి. పైన చెప్పినట్టు 456.7 నుంచి మొదలుపెట్టి మీ చేత్తో ఆ సంఖ్య దాకా రండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. వాళ్లకి తెలిసింది మనకి ఏ ప్రోగ్రామ్‌లోనూ దొరకకపోవచ్చు.

తర్వాతిసారి సంకల్పం చెప్పేటప్పుడు కల్పం, మన్వంతరం, యుగం, పాదం అన్న నాలుగు మాటల దగ్గర ఒక్క క్షణం నెమ్మదించండి. 432 కోట్ల ఏళ్ల పగటిలో మీరు ఎక్కడ నిలబడి ఆ నీళ్లు వదులుతున్నారో ఇప్పుడు మీకు తెలుసు.

వచ్చే వారం 60 సంవత్సరాల పేర్లు, ప్రభవ నుంచి అక్షయ దాకా. అవి గురువుకి ఎలా ముడిపడి ఉన్నాయో చూద్దాం. శుభమస్తు.